2 అడుగుల రీఫ్ ట్యాంకులో ఫ్లో: లెదర్ కోరల్ 9 రోజులుగా విప్పుకోవట్లేదు

గండిపేట_నీళ్ళు · హైదరాబాద్ · శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. టెన్షన్‌గా ఉంది కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి.

నాది 60×40×40 సెంటీమీటర్ల రీఫ్ ట్యాంక్, అంటే ఉప్పునీళ్ళలో కోరల్స్ (పగడపు జీవులు) పెంచేది. రాళ్ళు, ఇసుక పోను నీళ్ళు 80 లీటర్ల దాకా ఉంటాయి. పెట్టి ఏడు నెలలైంది. సంప్ (కింద పెట్టే ఫిల్టర్ తొట్టి) లేదు, వెనక గోడకి తగిలించే హ్యాంగాన్ ఫిల్టర్ ఒకటి ఉంది. రెండు క్లౌన్ చేపలు, ఒక రొయ్య, కొన్ని నత్తలు. కోరల్స్ అన్నీ మెత్తవే: రెండు గుంపుల జోయాంథిడ్స్ (జోయాలు, చిన్న పువ్వుల్లా ఉంటాయి), నాలుగు మష్రూమ్‌లు, ఒక కెన్యా ట్రీ, అరచేయంత టోడ్‌స్టూల్ లెదర్ (పుట్టగొడుగులా ఉండే తోలు కోరల్).

పోయిన నెల దాకా గంటకి 1500 లీటర్లు తిప్పే వేవ్‌మేకర్ (ట్యాంకులో నీళ్ళని కదిపే పంపు) ఉండేది. రీఫ్‌కి ఫ్లో ఎంత ఉంటే అంత మంచిదని షాపులో చెప్తే 4000ది కొన్నాను. డీసీ పంపు, స్పీడ్ తగ్గించే నాబ్ ఉంది. ఎడమ గోడకి సరిగ్గా మధ్యలో పెట్టి కుడి వైపు తిప్పాను. అప్పటి నుంచీ కష్టాలే. కుడి ముందు మూలలో ఇసుక లేచిపోయి అడుగు గాజు కనిపిస్తోంది. రాళ్ళ వెనక గోధుమరంగు మడ్డి చేరుతోంది. ఎడమ వెనక మూల ఇసుక మీద ఎర్రటి జిగట పొర పడింది. పంపుకి ఎదురుగా ఉన్న జోయాలు మూసుకున్నాయి. అన్నిటికన్నా బాధ లెదర్‌ది. 9 రోజులైంది, ఒక్క పాలిప్ (చిన్న పువ్వు లాంటి నోరు) బయటికి రాలేదు. ఒక పక్కకి వాలిపోయి, పైన మైనం పూసినట్టు మెరుస్తోంది.

నీళ్ళ టెస్టులు ఇవి: సాలినిటీ (ఉప్పదనం) 1.025, వేడి 26.5 డిగ్రీలు, నైట్రేట్ 10, ఫాస్ఫేట్ 0.08, ఆల్కలినిటీ 8.2 డీకేహెచ్. 80 లీటర్లకి 4000 అంటే నీళ్ళన్నీ గంటకి 50 సార్లు తిరిగినట్టు. కొందరు 20 సార్లు చాలంటారు, కొందరు 50 ఉండాలంటారు. ఏది నమ్మాలి?

కూకట్‌పల్లి_నానో · హైదరాబాద్ · 10:05

అన్నా, నాదీ రెండడుగులే. అంత చిన్న ట్యాంకుకి 4000 చాలా ఎక్కువ. పాతది పెట్టేయ్. నేను 1600తో మూడేళ్ళుగా నడుపుతున్నా, జోయాలు రాళ్ళంతా పాకాయి. లెదర్ వాలిపోయిందంటే ఫ్లో దెబ్బే.

ఎర్ర పొరకి మాత్రం మందు వేయకు. నేనొకసారి రాత్రి వేసి పడుకున్నా, పొద్దున చూస్తే చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఆ పొర చచ్చి కుళ్ళేటప్పుడు నీళ్ళలో ఆక్సిజన్ లాగేస్తుంది.

భీమిలి_అల · విశాఖపట్నం · ఆదివారం ఉదయం 6:20

తమ్ముడూ, గంటకి ఎన్నిసార్లు అన్న లెక్క పంపు కొనేముందు పనికొస్తుంది. కొన్నాక చూడాల్సింది ఆ నీళ్ళు ఎటు పోతున్నాయని. మెత్తటి కోరల్స్‌కి 15 నుంచి 25 సార్లు, అక్రోపోరా లాంటి గట్టి కొమ్మల వాటికి 40 పైన అని మనవాళ్ళు చెప్పుకునేది తప్పేం కాదు. కానీ ఆ 4000 లీటర్లు ధారగా ఒక్క జోయా గుంపు మొహానే కొడితే ఒకటి, ట్యాంకంతా పరుచుకుని తిరిగితే ఇంకొకటి. నువ్వు చెప్పిన గుర్తులన్నీ కలిపి చూడు. కుడి ముందు ఇసుక లేచిపోతోంది, ఎడమ వెనక మడ్డి దిగుతోంది. ఒక మూల గాలివాన, ఇంకో మూల నిలవ చెరువు. రెండూ ఒకే పంపు పుణ్యం.

ఫ్లో కోరల్‌కి ఏం చేస్తుందో తెలిస్తే ఈ పని సులువవుతుంది. కోరల్ ఒంటికి పల్చటి నీటి పొర ఒకటి అంటుకుని ఉంటుంది, మిల్లీమీటరు కూడా ఉండదు. అందులో నీళ్ళు దాదాపు కదలవు. కోరల్‌కి కావలసిన ఆక్సిజన్, లోపల కాపురముండే సూక్ష్మ శైవలాలకి (కంటికి కనిపించని నాచుకి) కావలసిన కార్బన్, బయటికి పోవలసిన వ్యర్థం, అన్నీ ఆ పొరని దాటాల్సిందే. ఉక్కబోత రోజు చెమట ఆరక ఒళ్ళు చిటచిటలాడుతుంది కదా, ఫ్యాన్ వేస్తే గదిలో వేడి తగ్గకపోయినా ప్రాణం లేచొస్తుంది. అలాగే బయట నీళ్ళు కదిలే కొద్దీ ఈ పొర పల్చబడి రాకపోకలు జోరందుకుంటాయి. పగలు లైటు కింద శైవలాలు ఆక్సిజన్ తెగ చేస్తాయి, అది అక్కడే పేరుకుంటే కోరల్‌కే చేటు. రాత్రి తిరగబడుతుంది, అప్పుడు ఆక్సిజన్ బయటి నుంచి రావాలి. రాత్రి చప్పుడు అవుతోందని పంపు ఆపేవాళ్ళున్నారు, దయచేసి అలా చేయకండి.

మా భీమిలి, రుషికొండ వైపు రాళ్ళలో, ఆటు సమయంలో నీళ్ళు తగ్గినప్పుడు గుంటల్లో జోయాంథిడ్స్ కనిపిస్తాయి. ఈ రోజూ వెళ్ళొచ్చే రాస్తున్నాను. అల వస్తే అన్నీ ఒక వైపుకి వాలతాయి. నీళ్ళు వెనక్కి లాగితే ఇటు వాలతాయి. మధ్యలో ఒక క్షణం నిలబడతాయి, అప్పుడే నోళ్ళు బాగా తెరుచుకుని కనిపిస్తాయి. మళ్ళీ అల. ఎనిమిది, పది సెకన్లకొకసారి పొద్దస్తమానం అదే. గంటల తరబడి ఒకే వైపు నుంచి ఒకే జోరుగా కొట్టే నీళ్ళు నాకక్కడ ఎక్కడా కనిపించలేదు. మన ట్యాంకుల్లో ఉండేది మాత్రం సరిగ్గా అదే.

(వెళ్ళి చూడాలనుకునే వాళ్ళు చూసి రండి, తీసి తేవద్దు. చేతికి కోత ఉంటే ముట్టనే ముట్టకండి. వీటిలో కొన్నిట్లో, ముఖ్యంగా పాలిథోవా అనే రకంలో, పాలిటాక్సిన్ అనే ప్రమాదకరమైన విషం ఉంటుంది. ఇంట్లో జోయాలున్న రాయిని కడిగేటప్పుడు, కోసేటప్పుడు గ్లవ్స్, కళ్ళజోడు తప్పనిసరి. ఆ రాయిని వేడినీళ్ళలో మరిగించడం అసలు వద్దు.)

ఇక నీ పని. పంపుని ఎడమ గోడ మధ్య నుంచి తీసి వెనక వైపుకి, నీటిమట్టానికి రెండంగుళాల కిందికి జరుపు. మొహం నేరుగా కుడికి కాకుండా ముందు గాజుకి ఏటవాలుగా తిప్పు. ధార గాజుకి తగిలి విరిగి పరుచుకుంటుంది. అక్కడి నుంచి కుడి గోడ, ఆపైన వెనక గోడ వెంబడి తిరిగి రావాలి. అలా రావాలంటే రాళ్ళకీ వెనక గాజుకీ మధ్య దారి ఉండాలి. నీకు ఎంత ఉంది?

గండిపేట_నీళ్ళు · 8:15

అన్నా, ఇప్పుడే వేలు పెట్టి చూశాను. ఒక వేలు దూరే సందు ఉంది, రెండు చోట్ల రాయి గాజుకి ఆనుకునే ఉంది. గోడ కట్టినట్టు పేర్చాను.

భీమిలి_అల · 8:22

అదే. నాలుగు వేళ్ళు దూరేంత సందు చెయ్యి. అడుగున కూడా రాయి ఇసుకలో పూర్తిగా కూరుకోకుండా రెండు మూడు చిన్న రాళ్ళ మీద నిలబడితే కింద నుంచీ నీళ్ళు పోతాయి. కదిపేటప్పుడు మడ్డి లేస్తుంది, నీళ్ళు మార్చే రోజే పెట్టుకో.

డాలస్_రీఫ్ · అమెరికా · 10:50

అన్నగారి మాటకి ఒకటి కలుపుతాను. పెద్ద పంపు తీసేసి చిన్నది పెట్టమన్న సలహా మాత్రం నేను ఒప్పుకోను. రెండూ వాడండి. ఒకటి ఎడమ నుంచి, ఒకటి కుడి నుంచి. రెండు ధారలు ఎదురెదురుగా కలిసిన చోట నీళ్ళు సుడులు తిరుగుతాయి, కోరల్‌కి అన్ని వైపుల నుంచీ అందుతుంది. ఒక పంపు ఎంత పెద్దదైనా దాని వెనక ఒక నీడ ఉంటుంది. ఆ నీడలో మడ్డి దిగుతుంది.

నాది 450 లీటర్లు, రెండు పంపులు కలిపి 24,000. ఇక్కడ ఫార్ముల్లో పెంచిన అక్రోపోరా ముక్కలు దొరుకుతాయి, అవే పెంచుతున్నాను. ఒకే తల్లి నుంచి విరిచిన రెండు ముక్కలు, ఒకటి పంపు దారిలో, ఒకటి రాయి చాటున అతికించాను. ఏడాదిన్నర తర్వాత వాటిని చూసినవాళ్ళు రెండూ ఒకటే అంటే నమ్మరు. దారిలో ఉన్నది పొట్టిగా, గుబురుగా, వేలంత లావు కొమ్మలతో పెరిగింది. చాటున ఉన్నది సన్నగా, పొడుగ్గా, కొమ్మకీ కొమ్మకీ మధ్య ఖాళీతో.

ఇంకొక విషయం, గుండె రాయి చేసుకుని రాస్తున్నాను. రెండేళ్ళ క్రితం నా దగ్గర బబుల్‌టిప్ ఎనిమోన్ (కోరల్‌కి చుట్టమైన మెత్తటి జీవి) ఉండేది. ఫ్లో నచ్చకపోతే ఎనిమోన్లు నడుస్తాయి. అది రాత్రికి రాత్రి నడుచుకుంటూ పోయి పంపులో ఇరుక్కుంది. పొద్దున లేచేసరికి నీళ్ళు పాల రంగులో ఉన్నాయి. మూడు చేపలు పోయాయి, సగం కోరల్స్ పోయాయి. ఎనిమోన్ పెట్టే ఆలోచన ఉంటే ముందు పంపుకి ఫోమ్ తొడుగు వేయండి, ఆ తర్వాతే దాన్ని తీసుకురండి.

కూకట్‌పల్లి_నానో · 11:30

80 లీటర్లలో రెండు పంపులు పెడితే వేడి కూడా చూసుకోవాలి. కరెంటుగా లోపలికి పోయిన వాట్లలో ఎక్కువ భాగం చివరికి నీళ్ళలో వేడిగానే తేలుతుంది. ఏప్రిల్‌లో మా గది 36 దాటుతుంది, నాకు ప్రతి వాటూ లెక్కే.

ఫిజిక్స్_మాస్టారు · వరంగల్ · మధ్యాహ్నం 2:10

అందరూ ఎక్కువ, తక్కువ అంటున్నారు. ఎంతో కొలుద్దాం. ఇంట్లో ఉన్న సామానుతోనే అవుతుంది.

మొదటి పద్ధతి. ముందు గాజుకి బయట ఒక టేపు అంటించండి. ఫిల్టర్ ఆపి, ఫ్రోజెన్ బ్రైన్ ష్రింప్ (చేపల మేత) కొద్దిగా కరిగించి వదలండి. ఫోన్‌లో స్లోమోషన్ వీడియో తీయండి. ఒక్కో నలుసు 20 సెంటీమీటర్లు దాటడానికి ఎంతసేపు పట్టిందో చూసి భాగించండి. ఒక్కో చోట అయిదారు నలుసులు చూసి సగటు తీసుకోండి.

రెండోది నాకు ఇష్టమైనది. సముద్ర జీవశాస్త్రంలో వాళ్ళు కూడా వాడతారు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ని ఐస్ ట్రేలో పోసి సమానంగా చిన్న బిళ్ళలు చేయండి. రెండు రోజులు బాగా ఆరనిచ్చి బంగారం తూచే చిన్న కాటాలో తూచండి. నీళ్ళు మార్చే రోజు పొద్దున ఒక్కో బిళ్ళ ఒక్కో చోట పెట్టి, ఆరు గంటల తర్వాత తీసి, మళ్ళీ రెండు రోజులు ఆరబెట్టి తూచండి. ఫ్లో ఎక్కువున్న చోట బిళ్ళ ఎక్కువ కరుగుతుంది. అది నీటి వేగం ఒక్కటే కాదు, సుడుల్ని కూడా కలుపుకుని చెప్తుంది. భీమిలి అన్నగారు చెప్పిన పల్చటి పొర ఉంది కదా, ఆ బిళ్ళ మీద కూడా అదే పొర ఉంటుంది, దాని గుండానే కరగాలి. కోరల్ పడేది బిళ్ళ కూడా పడుతుంది. మూడు బిళ్ళలకి మించొద్దు, కరిగేది కాల్షియం సల్ఫేట్ కాబట్టి చిన్న ట్యాంకులో మరీ ఎక్కువైతే కాల్షియం లెక్క మారుతుంది.

కడలి_చెన్నై · చెన్నై · సాయంత్రం 5:45

ఇప్పుడే చూశాను. తమ్ముడూ, లెదర్ గురించి కంగారు పడకు. ఆరేళ్ళుగా టోడ్‌స్టూల్ పెంచుతున్నాను, మొదటిసారి నేనూ ఏడ్చాను.

మైనం పూసినట్టు మెరుస్తోందని రాశావు కదా, అదే అసలు సంగతి. ఈ జాతి అప్పుడప్పుడూ చర్మం వదులుతుంది. ముందు పాలిప్స్ అన్నీ లోపలికి లాక్కుంటుంది, రంగు మాసిపోతుంది, పైన జిగురు పొర ఒకటి కట్టుకుని గట్టిపడుతుంది. దాని మీద చేరిన నాచు, మడ్డి అన్నీ ఆ పొరతో పాటే పోతాయి. ఒక్కోసారి మూడు రోజులు, ఒక్కోసారి రెండు వారాలు. కానీ ఆ పొర ఊడిపోవడానికి నీళ్ళు కావాలి. నీళ్ళు ఆడకపోతే అది అక్కడే అంటుకుని, కింద చర్మం కుళ్ళే ప్రమాదం ఉంది.

అందుకే ఒక అనుమానం. అందరూ లెదర్‌కి ఫ్లో ఎక్కువై వాలిందనుకుంటున్నారు. అది ట్యాంకులో ఎక్కడుంది? పంపు ఉన్న గోడ వైపే అయితే, దానికి అందేది ఎక్కువ కాదు, తక్కువ. ముట్టుకుని చూడు. గట్టిగా, రబ్బరులా ఉంటే బాగున్నట్టే. ఎక్కడైనా మెత్తగా, నల్లగా, వాసనగా ఉంటే వెంటనే చెప్పు.

గండిపేట_నీళ్ళు · బుధవారం రాత్రి 10:15

అక్కా, మీరన్నది నిజం. లెదర్ ఎడమ వెనక, సరిగ్గా పంపు వెనక నీడలో ఉంది. ముట్టుకుంటే గట్టిగానే ఉంది.

ఆదివారం రాత్రి స్లోమోషన్ తీశాను. కుడి ముందు నలుసు 20 సెంటీమీటర్లు దాటడానికి 0.6 సెకన్లు, అంటే సెకనుకి 33 సెంటీమీటర్లు. లెదర్ దగ్గర అదే దూరానికి 9 సెకన్లు, అంటే సెకనుకి రెండు సెంటీమీటర్ల చిల్లర మాత్రమే. ఒకే ట్యాంకులో, అరమీటరు దూరంలో, 15 రెట్లు తేడా. 4000 పంపు ఉన్న ట్యాంకులో నా లెదర్‌కి నీళ్ళే అందట్లేదని వారం రోజులుగా నాకు తట్టలేదు. ఇంకో రోజైతే పంపు మార్చేసి ఆ కొంచెం కూడా లేకుండా చేసేవాణ్ణి.

మాస్టారు చెప్పిన బిళ్ళలు కూడా ఆ రాత్రే పోసి ఫ్యాన్ కింద పెట్టాను. ఇవాళ సెలవు పెట్టాను, పొద్దున ఏ మార్పూ చేయకముందు మూడు బిళ్ళలు పెట్టాను, ఒక్కోటి 8 గ్రాములు. మధ్యాహ్నం తీసి ఆరబెట్టాను, తూకం తర్వాత చెప్తాను. కంటికే తెలుస్తోంది, కుడి మూల బిళ్ళ అంచులు గుండ్రంగా అరిగి సబ్బు బిళ్ళలా అయింది, ఎడమ వెనకది పోసిన గీతలతో సహా అలాగే ఉంది.

తర్వాత 15 లీటర్లు మార్చాను. ఎర్ర పొరని సన్న గొట్టంతో లాగేశాను. రాళ్ళు ముందుకి జరిపి వెనక నాలుగు వేళ్ళ సందు చేశాను. పెద్ద పంపు అన్న చెప్పిన చోట, నాబ్ 60 శాతం. డాలస్ అన్న చెప్పినట్టు పాత 1500ని కుడి గోడ వెనక కింద పెట్టి, రాళ్ళ వెనక సందులోంచి ఎడమకి కొట్టేలా తిప్పాను. దానికి టైమర్ పెట్టాను, అరగంట నడిచి అరగంట ఆగుతుంది. అది నడిచేటప్పుడు ఒక ఫ్లో, ఆగినప్పుడు ఇంకో ఫ్లో. వేడి సంగతి నానో అన్న చెప్పినట్టు థర్మామీటర్ చూస్తున్నాను, ఇప్పటికి 26.8.

కూకట్‌పల్లి_నానో · 10:40

అన్నా, నేను చెప్పింది తప్పైంది. లెదర్ ఎక్కడుందో అడక్కుండానే చెప్పేశాను. 15 రెట్లు తేడా చూసి నా ట్యాంక్ కూడా రేపే కొలుస్తున్నా.

ఫిజిక్స్_మాస్టారు · గురువారం ఉదయం 7:00

చాలా బాగా చేశారు. ఒక్క జాగ్రత్త. డీసీ పంపుల్లో వేవ్ మోడ్ ఉంటుంది, ఆగి ఆగి కొడుతుంది. ఆ విరామం ట్యాంకు సహజ ఊపుతో కలిస్తే నీళ్ళు ఆ చివర నుంచి ఈ చివరకి ఊగడం మొదలవుతుంది. మీ 60 సెంటీమీటర్ల ట్యాంకుకి ఆ ఊపు సుమారు 0.9 సెకను, నాలుగడుగుల ట్యాంకుకి 1.3 సెకను. చూడటానికి అచ్చం సముద్రంలా ఉంటుంది, కోరల్స్‌కీ అటూ ఇటూ ఫ్లో అందుతుంది. కానీ ఆ బరువంతా ప్రతి ఊపుకీ అద్దాల అతుకుల మీద, స్టాండు మీద పడుతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల ఊపు దాటనివ్వకండి. స్టాండు కొద్దిగా కదిలినా ఆపేయండి.

విజయవాడ_ముత్యం · విజయవాడ · మధ్యాహ్నం 1:30

నమస్కారమండి, కొత్తగా 100 లీటర్లది పెడుతున్నాను. రెండు సందేహాలు. మా వైపు వేసవిలో కరెంటు రెండు మూడు గంటలు పోతుంటుంది. అన్ని పంపులూ ఆగితే ఎలాగండి? ఇంకొకటి, ఒకాయన హ్యామర్ కోరల్, ఒక సీ ఫ్యాన్, రామేశ్వరం వైపు నుంచి వచ్చిన లైవ్ రాక్ ఇస్తానంటున్నారు. వాటికి ఫ్లో ఎంత ఉండాలండి?

కడలి_చెన్నై · 3:10

కరెంటు సంగతి నేను చెప్తాను. 25 డిగ్రీల దగ్గర మంచినీటిలో లీటరుకి 8 మిల్లీగ్రాములకి పైగా ఆక్సిజన్ పడుతుంది, మన ఉప్పునీటిలో 6.7 దాకానే. 30 డిగ్రీలకి ఇంకా తగ్గుతుంది. అంటే మొదటి నుంచీ మన దగ్గర నిలవ తక్కువ, వేసవిలో మరీ తక్కువ. నీటి పైభాగం కదలకపోతే కొత్తది లోపలికి రాదు. అందుకే కరెంటు పోయినప్పుడు అన్నీ నడవక్కర్లేదు, పైనీటిని కదిపేది ఒక్కటి నడిస్తే చాలు. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి కొని పెట్టుకోండి. డీసీ వేవ్‌మేకర్ ఉంటే దాని వోల్టేజీకి సరిపడే బ్యాటరీతో నేరుగా నడపొచ్చు, చాలా గంటలు వస్తుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అది సైన్‌వేవ్ అవునో కాదో చూడండి. స్క్వేర్‌వేవ్ మీద ఏసీ పంపులు గుర్రుమని మోగుతాయి, వేడెక్కుతాయి.

వేసవిలో పైనీటి మీదకి చిన్న ఫ్యాన్ పెడితే ఆవిరితో చల్లబడుతుంది. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు అక్కడే ఉంటుంది. అందుకని రోజూ తగ్గినంత ఆర్‌వో నీళ్ళే పోయాలి, ఉప్పునీళ్ళు పోయకూడదు.

సంప్ పెట్టే ఆలోచన ఉంటే ఇది తప్పక చదవండి. నాలుగేళ్ళ క్రితం నేను ఊళ్ళో లేనప్పుడు కరెంటు పోయింది. సంప్ నుంచి నీళ్ళు పైకి తెచ్చే రిటర్న్ పైపు నీళ్ళలో లోతుగా ఉండటంతో పంపు ఆగగానే అదే పైపు సైఫన్‌లా వెనక్కి లాగి పైట్యాంకు నీళ్ళన్నీ సంప్‌లోకి దింపేసింది. సంప్ పొంగి హాలంతా ఉప్పునీళ్ళు, కింద ఫ్లాట్ వాళ్ళ సీలింగ్ పాడైంది. పైపుకి నీటిమట్టానికి కాస్త కింద నాలుగు మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే నీళ్ళు అక్కడి దాకా దిగగానే గాలి చొరబడి సైఫన్ తెగిపోతుంది. నెలకోసారి ఆ రంధ్రం శుభ్రం చేయాలి, నత్త ఒకటి వచ్చి కూర్చున్నా మూసుకుపోతుంది. పైపు బిగించిన రోజే ప్లగ్గు పీకి, నీళ్ళు ఎక్కడి దాకా దిగుతాయో చూసి సంప్ మీద గీత గీసుకోండి. ఆ గీత దాటి నింపొద్దు.

భీమిలి_అల · సాయంత్రం 6:30

ముత్యం గారూ, రెండో ప్రశ్నకి ఫ్లో చెప్పను, మన్నించండి. అవి తీసుకోకండి. గట్టి అస్థిపంజరం కట్టే కోరల్స్ అన్నీ (హ్యామర్ కూడా అదే), సీ ఫ్యాన్లు, నల్ల కోరల్, ఫైర్ కోరల్, ఇవన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వాటికీ. సముద్ర గుర్రాలకి కూడా ఈ చట్టం రక్షణ ఉంది. రామేశ్వరం వైపున్న మన్నార్ సింధుశాఖ దీవులు 1986 నుంచి జాతీయ పార్కు. అక్కడ దశాబ్దాల పాటు పగడపు రాళ్ళని సున్నానికి, కట్టడాలకి తవ్వుకుపోయారు, ఆ గాయం ఇంకా మానలేదు. లైవ్ రాక్ అని అమ్మే ఆ రాయి కూడా రీఫ్ నుంచి విరిచిందే అయ్యుంటుంది. పొడి రాయి తీసుకోండి, ఓపిగ్గా సైకిల్ చేయండి (వ్యర్థాన్ని తినే బ్యాక్టీరియా పెరిగే దాకా ఆగండి), ఆర్నెల్లకి అదే బతుకుతుంది. క్లౌన్ చేపలు కూడా హ్యాచరీలో పుట్టినవే అడగండి, మండపంలోని సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్ళు వాటిని పెంచే పద్ధతి ఎప్పుడో తయారు చేశారు. మెత్తటి కోరల్స్‌తో ఎంత అందమైన ట్యాంకు అవుతుందో ఈ థ్రెడ్‌లోనే చూస్తున్నారుగా.

విజయవాడ_ముత్యం · 7:05

నాకు ఈ సంగతి తెలియదండి. వద్దని ఆయనకి ఇప్పుడే చెప్పేశాను. పొడి రాయితోనే మొదలుపెడతాను.

డాలస్_రీఫ్ · రాత్రి 11:20

గండిపేట బ్రదర్, ఆ పాత 1500 పంపు ఎప్పుడైనా విప్పి కడిగారా? ఇంపెల్లర్ (లోపల తిరిగే రెక్కలు) మీద సున్నం పేరుకుంటే డబ్బా మీద రాసిన దాంట్లో సగమే వస్తుంది. ఆగి మొదలయ్యేటప్పుడు ఇరుక్కుపోతుంది కూడా. టైమర్ మీద పెట్టారు కాబట్టి ఇది ముఖ్యం.

గండిపేట_నీళ్ళు · శుక్రవారం ఉదయం 7:30

అన్నా, ఒక్కసారి కూడా కడగలేదు. నిన్న రాత్రి విప్పాను. ఇంపెల్లర్ రెక్కల మీద తెల్లటి పెచ్చు, గోరుతో గీకినా రాలేదు. అమ్మ దగ్గర నిమ్మ ఉప్పు తీసుకుని రెండు చెంచాలు గోరువెచ్చటి నీళ్ళలో కలిపి అందులో వేశాను. బుస్సుమని నురగ వచ్చింది. గంటకి పెచ్చంతా కరిగిపోయింది, పాత టూత్ బ్రష్‌తో రుద్ది మంచినీళ్ళతో కడిగి పెట్టాను. తేడా చేతికే తెలుస్తోంది.

గండిపేట_నీళ్ళు · ఆదివారం రాత్రి 9:00

అందరికీ చెప్పాలని సాయంత్రం నుంచీ ఆగలేకపోతున్నాను.

పొద్దున లైట్లు వెలిగేసరికి లెదర్ అంచు దగ్గర పొర కొద్దిగా లేచి ఉంది. ఉల్లిపాయ పైపొర లేచినట్టు, అవతల కనిపించేంత పల్చగా. వెనక నుంచి చిన్న పంపు ఆన్ అయినప్పుడల్లా ఆ అంచు రెపరెపలాడేది, ఆగితే మళ్ళీ అంటుకునేది. లాగేద్దామని చెయ్యి పెట్టబోయి అక్క మాట గుర్తొచ్చి ఆగాను. కుర్చీ వేసుకుని కూర్చున్నాను. రెండు గంటల తర్వాత పొర సగం దాకా లేచింది, తర్వాత ఒక్కసారిగా మొత్తం ఊడి నీళ్ళలో తేలింది. వల పెట్టి తీసేశాను. కింద లెదర్ కొత్త రంగులో ఉంది, లేత గోధుమ రంగు. మధ్యాహ్నం మూడింటికి అంచు చుట్టూ చుక్కలు చుక్కలుగా పాలిప్స్ మొదలయ్యాయి. ఇప్పుడు సగం విప్పుకుంది. ఆ పాలిప్స్ వాలి లేస్తుంటే, భీమిలి అన్న రాళ్ళ మధ్య చూసింది ఇదేనేమో అనిపించింది.

వాలు ఇంకా ఉంది. మూసుకున్న జోయాల్లో మూడొంతులు తెరిచాయి. కుడి మూల గుంటలోకి ఇసుక తిరిగి చేరుతోంది. ఎడమ మూల ఎర్ర పొర మళ్ళీ కొద్దిగా వచ్చింది, ఈసారి రూపాయి బిళ్ళంత.

మాస్టారూ, మొదటి మూడు బిళ్ళల తూకం. కుడి మూల 8 గ్రాములది 4.6 అయింది. లెదర్ పక్కన 7.4. ఎడమ వెనక మూల 7.7. మళ్ళీ స్లోమోషన్ కూడా తీశాను. కుడి ముందు ఇప్పుడు సెకనుకి 13 సెంటీమీటర్లు, లెదర్ దగ్గర 8.

కడలి_చెన్నై · 9:20

చాలా సంతోషంగా ఉంది తమ్ముడూ. వాలు నిదానంగా పోతుంది, రెండు మూడు వారాలు పట్టొచ్చు. దాన్ని తిప్పకు, చోటు మార్చకు. ఎర్ర పొర వచ్చినప్పుడల్లా లాగేస్తూ ఉండు, మేత కొంచెం తగ్గించు. ఫ్లో ఒక్కటే దాన్ని చంపదు, కానీ అక్కడ మడ్డి దిగకపోతే దానికి తినడానికి ఉండదు.

ఫిజిక్స్_మాస్టారు · 9:45

బ్రహ్మాండం. 3.4 గ్రాములకి 0.3 గ్రాములు, పదిరెట్లు పైగా తేడా. ఆ రూపాయి బిళ్ళంత పొర ఉన్న చోటే వచ్చే బుధవారం ఒక బిళ్ళ పెట్టండి, లెదర్ పక్కన ఒకటి. చిన్న పంపుని ఇంకో వేలు కిందికి వంచాలా అక్కర్లేదా అన్నది ఆ తూకం చూసి తేలుద్దాం.

గండిపేట_నీళ్ళు · 9:50

ట్రేలో పోసేశాను మాస్టారూ, ఫ్యాన్ కింద ఆరుతున్నాయి.